అల్లం: కారంలోను, తీపిలోను

‘అల్లమంటే నాకు తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది’ అన్నాడట వెనుకటికొకడు. తెలియని సంగతిని తెలిసినట్లు మాట్లాడేవారిని గురించి మనవారు కల్పించిన సామెత ఇది. పరిహాసం అలా ఉంచి, ఆ సామెతలో వచ్చిన వస్తువులను మాత్రం ఒకసారి గమనించండి. అల్లం, బెల్లం, పులుపు. ఈ మూడింటికి ఉప్పును, మిరపకాయను చేర్చి నూరితే అల్లం పచ్చడి అవుతుంది. సామెతలోని మనిషికి అల్లం తెలియకపోవచ్చును గాని, సామెత కట్టినవారికి మాత్రం వంట బాగా తెలిసే ఉండాలి.

అల్లం లేని వంటిల్లు మన దేశంలో అరుదు. ఐనా అల్లంతో చేసే వంటలలో కొన్ని చిక్కులు తరచు ఎదురవుతూ ఉంటవి. అల్లం వేసి కాచిన టీలో పాలు విరిగిపోవడం ఒకటి. ఏడాది నిలవ ఉండవలసిన అల్లం పచ్చడి నెల తిరగకుండానే బూజు పట్టడం రెండవది. అల్లం మురబ్బా ఎంతకూ గట్టిపడక, పళ్ళెంలో పాకంగానే మిగిలిపోవడం మూడవది. ఈ మూడు చిక్కులకూ ‘చేతివాటం కుదరలేదు’ అన్నది మనం చెప్పుకునే సమాధానం. నిజానికి వీటన్నింటికీ స్పష్టమైన కారణాలు ఉన్నవి. ఆ కారణాలు తెలిస్తే కొలతలు ఎవరూ కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

మొదట అల్లం అంటే ఏమిటో చూద్దాం. దీనిని చాలామంది వేరు అనుకుంటారు. కాని అల్లం వేరు కాదు. భూమిలో అడ్డంగా పెరిగే కాండం. అందుకే దానిమీద కణుపులు ఉంటవి, కణుపుల దగ్గర మొలక కళ్ళు ఉంటవి. పసుపు, ఏలకులు దీని కుటుంబంలోనివే. సంస్కృతంలో పచ్చి అల్లాన్ని ఆర్ద్రకం అన్నారు, ఎండిన దానిని శుంఠి అన్నారు. ఆ శుంఠే మన శొంఠి. శృంగవేరం అనే మరొక పేరు కూడా ఉన్నది. ఇది ప్రాకృతం ద్వారా గ్రీకు, లాటిన్ భాషలకు చేరి, చివరకు ఇంగ్లీషులో ‘జింజర్’ అయిందని భాషావేత్తలు చెబుతారు. అసలు ఆ సంస్కృత పదానికే తమిళ మలయాళాలలోని ‘ఇంజి’ అనే మాట మూలమని వారి అభిప్రాయం. అంటే పదార్థమూ, పేరూ రెండూ మన దక్షిణ తీరాల నుంచే ఓడలెక్కినవన్న మాట.

పచ్చిదానికి ఒక పేరు, ఎండినదానికి వేరొక పేరు పెట్టడంలో మన పూర్వుల సూక్ష్మదృష్టి కనిపిస్తుంది. ఎండితే అల్లం కేవలం బరువు తగ్గిన అల్లం కాదు; గుణం మారిన వేరొక వస్తువు. పచ్చి అల్లంలోని కారానికి ముఖ్యకారణం జింజెరాల్ అనే పదార్థం. అల్లం ఎండేటప్పుడు ఈ జింజెరాల్ కొంత తనలోని నీటి అణువును విడిచి షోగాల్ అనే పదార్థంగా మారుతుంది. జపాను భాషలో అల్లాన్ని ‘షోగా’ అంటారు. ఆ పేరే దీనికి పెట్టారు. షోగాల్ కారం జింజెరాల్ కారానికి సుమారు రెండింతలు. శొంఠి నోటిలో వేసుకోగానే గొంతులోకి దిగే ఆ వేడికి కారణం ఇదే. ఇక అల్లాన్ని వేయించినా, ఉడికించినా జింజెరాల్‌లో కొంత జింజెరోన్ అనే మూడవ పదార్థం అవుతుంది. దీని కారం చాలా తక్కువ. వాసనలో కొంత తీపిదనం కూడా ఉంటుంది. పచ్చి అల్లం ముక్క కొరికితే చురుక్కుమంటుంది. అదే ముక్క నేతిలో వేగితే మెత్తబడి కమ్మనవుతుంది.

కాబట్టి అల్లం విషయంలో ‘ఎంత వేయాలి’ అన్న ప్రశ్నకంటె ‘ఎప్పుడు వేయాలి’ అన్న ప్రశ్న ముఖ్యమైనది. మన ఇళ్ళలో పెద్దలు ఈ రసాయనాల పేర్లు ఎరగకపోయినా, ఈ తేడాను నాలుకతో గుర్తుపట్టి వంటలలో ప్రవేశపెట్టారు. పెసరట్టునే తీసుకోండి. నానిన పెసలతోపాటు అల్లం, పచ్చిమిరప, జీలకర్ర కలిపి రుబ్బుతాము. అట్టు కాలినప్పుడు పిండిలోని అల్లం ఉడికి, పెసల పచ్చివాసనను అణచి, తాను కనిపించకుండా ఉండిపోతుంది. మళ్ళీ అట్టు మీద సన్నగా తరిగిన పచ్చి అల్లం ముక్కలు చల్లుతాము. అవి సగమే వేడెక్కి తమ చురుకును నిలుపుకుంటవి. పక్కన నంచుకునే అల్లం పచ్చడిలో ఉన్నది నూనెలో వేగిన అల్లం. ఒకే ఫలహారంలో అల్లం మూడు అవస్థలలో కనిపిస్తుంది. ఏ ఒక్కటి తీసివేసినా పెసరట్టుకు వెలితి తెలుస్తుంది.

ఇదే సూత్రం మిగిలిన వంటలకూ వర్తిస్తుంది. నీరుమజ్జిగలోను, దద్దోజనంలోను అల్లం పచ్చిగానే ఉండాలి. చల్లని పదార్థానికి ఆ చురుకే ప్రాణం. ఐతే మజ్జిగలో అల్లాన్ని దంచి వేసి, పది నిమిషాలు ఉంచి వడగట్టితే పీచు నోటికి తగలదు. లేత వంకాయలలో అల్లం, పచ్చిమిరప, కొత్తిమీర నూరిన ముద్దను కూర మగ్గిన తరువాత, దించడానికి రెండు మూడు నిమిషాల ముందు వేయాలి. మొదటనే వేస్తే పచ్చిమిరప కారం మిగిలి, అల్లం పరిమళం ఆవిరితో పోతుంది. మాంసపు కూరలలో దీనికి వ్యతిరేకం. అక్కడ అల్లం ముద్దను నూనెలో పచ్చివాసన పోయేదాకా ముందే వేయించాలి. అప్పుడే అది మసాలాలో కలిసిపోతుంది.

మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో వచ్చిందన్న సంగతి కూడా ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. అంతకు పూర్వం మన వంటలలో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, శొంఠి, ఆవాలే. ఈనాటికీ తద్దినపు వంటలో మిరపకాయ వాడని ఇళ్ళు ఉన్నవి. అక్కడ కారమంతా మిరియానిది, అల్లానిది. ఆ వంటను పితృదేవతల ప్రీత్యర్థం చేస్తారన్నది ఆచారం. మిరపకాయకు ముందునాటి తెలుగు వంట రుచి దానిలో భద్రంగా ఉండిపోయిందన్నది చరిత్ర.

ఇక నిలవ పచ్చడి సంగతి. పచ్చి అల్లంలో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు నీరే. ఈ నీటిని తొలగించకుండా నూరినందువల్లనే పచ్చడి బూజు పడుతుంది. 100 గ్రాముల అల్లం తీసుకుంటే, అంతే చింతపండు, 150 గ్రాముల బెల్లం, 40 గ్రాముల ఎండుమిరపకాయలు, 40 నుంచి 50 గ్రాముల ఉప్పు పడుతుంది. అల్లం కడిగి, పైపొట్టు గీకి, గుడ్డమీద నీడపట్టున ఆరబెట్టి, తడి పూర్తిగా పోయిన తరువాత పలుచని బిళ్ళలుగా తరగాలి. వాటిని నూనెలో సన్నని సెగమీద అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. చింతపండును కొద్దిపాటి మరుగునీటిలో నానబెట్టి, ఆ గుజ్జును కూడా దగ్గరపడేదాకా ఉడికించాలి. ఈ రెండవ పని మరిచేవారు ఎక్కువమంది. అల్లంలోని నీరు పోగొట్టి, చింతపండుతో మళ్ళీ నీరు చేర్చితే ప్రయోజనం ఏముంది? మిరపకాయలు వేయించి, అన్నీ చల్లారిన తరువాత బెల్లంతో నూరి, ఆవాలు, మినపప్పు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టాలి. పైన నూనె తేలేలా జాడీకి ఎత్తి, తడి గరిటె పెట్టకుండా వాడుకుంటే చాలా నెలలు నిలుస్తుంది. ఉప్పు, పులుపు, బెల్లం, నూనె నాలుగూ కాపలా కాసేవే. వాటిలో ఏదైనా తగ్గించదలచిన వారు కొద్దికొద్దిగా చేసుకుని త్వరగా వాడుకోవడం మంచిది.

కేరళలో ఓనం పండుగ విస్తట్లో ‘ఇంజి పులి’ అనే పదార్థం వడ్డిస్తారు. అందులోనూ వేగిన అల్లం, చింతపండు, బెల్లం, మిరప ఉంటవి. మన పచ్చడి ముద్దగా ఉంటే, అది పులుసు ఉడికి చిక్కబడినట్లు ఉంటుంది. అల్లం కారానికి తీపిని, పులుపును కలిపి సమం చేయవచ్చునన్న సంగతి తెలుగువారికీ, మలయాళీలకూ సమానంగా తెలుసునన్న మాట.

టీలో పాలు విరగడానికి కారణం మరొకటి. పచ్చి అల్లంలో జింజిబెయిన్ అనే ఎంజైము ఉన్నది. ఇది మాంసకృత్తులను కత్తిరించే గుణం కలది. గోరువెచ్చని పాలలో పచ్చి అల్లం రసం పడితే పాలలోని మాంసకృత్తులు పేరుకుంటవి. దీనికి మందు చాలా సులభం. దంచిన అల్లాన్ని ముందు నీటిలో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. మరిగే వేడికి ఎంజైము నశిస్తుంది. తరువాత టీ పొడి, ఆ తరువాత పాలు. బెల్లం వేసేవారు మాత్రం టీ దించిన తరువాతనే వేయాలి. బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపు కూడా మరిగే పాలను విరుస్తుంది.

మనకు చిక్కుగా కనిపించే ఈ గుణమే చైనా దేశపు గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఒక మిఠాయికి ఆధారమైంది. అక్కడ గిన్నెలో పచ్చి అల్లం రసం ఉంచి, పంచదార కలిపిన వేడి పాలను, మరుగుతున్నవి కాకుండా కొంచెం చల్లార్చిన వాటిని, పైనుంచి ఒక్కసారిగా పోస్తారు. కదిలించకుండా ఉంచితే కొద్ది నిమిషాలలో అది మన జున్నులా పేరుకుంటుంది. తోడు లేదు, జున్నుపాలు లేవు. అల్లమే పాలను పేర్చింది. పాలు ఎక్కువ వేడిగా ఉంటే ఎంజైము చచ్చి పేరుకోదు, చల్లగా ఉంటే పని చేయదు.

మాంసం వండేవారికి కూడా ఈ ఎంజైము మిత్రమే. ముదురు మాంసానికి పచ్చి అల్లం ముద్ద పట్టించి ఒక గంటో రెండు గంటలో ఉంచితే, కండను బిగించి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం సడలి ముక్క మెత్తబడుతుంది. చేపలకు, లేత కోడిమాంసానికి అంతసేపు అక్కరలేదు. ఎక్కువసేపు ఉంచితే పైభాగం పిండిలా అవుతుంది.

ఇక తీపి వంటకాలు. ఐరోపా ఖండంలో అల్లం అనగానే తీపి రొట్టెలు, బిస్కత్తులు జ్ఞాపకం వస్తవి. దీనికి కారణం వారి అభిరుచి మాత్రమే కాదు. ఓడ ప్రయాణానికి పచ్చి అల్లం ఆగదు. అది శొంఠిగానో, పంచదార పాకంలో ఊరవేసో అక్కడికి చేరేది. శొంఠి పొడి పిండిలోను, తేనెలోను సులభంగా కలుస్తుంది గనుక అది రొట్టెలలో స్థిరపడింది. మనకు పచ్చిదీ ఎండినదీ రెండూ దొరకడం వల్ల రెండు దారులూ తెరిచి ఉన్నవి.

పచ్చి అల్లంతో చేసే తీపికి మురబ్బా మంచి ఉదాహరణ. రైళ్ళలోను, బస్సు స్టాండులలోను బిళ్ళలుగా కోసి అమ్మే ఈ మురబ్బా ఇంటిలో చేసుకోవడం కష్టం కాదు. 100 గ్రాముల లేత అల్లం తరిగి, వీలైనంత తక్కువ నీటితో మెత్తగా రుబ్బాలి. 400 గ్రాముల పంచదార కలిపి, అడుగు మందమైన గిన్నెలో సన్నని సెగమీద తిప్పుతూ ఉండాలి. పొంగు అణిగి, మిశ్రమం నురుగు కట్టి, గిన్నె అంచులను విడిచినప్పుడు ఒక చుక్క చల్లని నీటిలో వేసి చూడాలి. అది వేళ్ళకు ఉండగా అందితే దించవచ్చును. రెండు చెంచాల నెయ్యి వేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, పూర్తిగా చల్లారక ముందే గాట్లు పెట్టాలి. గట్టిపడకపోవడానికి మూడు కారణాలు. రుబ్బడంలో నీరు ఎక్కువ కావడం ఒకటి. ఉండపాకం రాకముందే దించడం రెండు. రుచికోసమని నిమ్మరసం పిండడం మూడు. పులుపు తగిలిన పంచదార పలుకు కట్టదు. బెల్లంతో చేసినది పంచదారతో చేసినదానికంటె మెత్తగా ఉండడం సహజం. దానిని లోపంగా భావించనక్కరలేదు.

ఎండిన అల్లంతో చేసే తీపికి శ్రీరామనవమి పానకాన్ని మించినది లేదు. లీటరు నీటికి 150 నుంచి 200 గ్రాముల బెల్లం కరిగించి వడగట్టి, అర చెంచా శొంఠి పొడి, అర చెంచా మిరియాల పొడి, నాలుగు ఏలకులు వేస్తే చాలును. పానకాన్ని పొయ్యిమీద పెట్టము. ఉడకని పదార్థంలో పచ్చి అల్లం వేస్తే పసరు వాసన మిగులుతుంది. శొంఠి ఎండలోనే పక్వమై ఉన్నది కాబట్టి చల్లని నీటిలో కూడా ఇమిడిపోతుంది. మంగళగిరిలో నృసింహస్వామికి పానకాలస్వామి అని పేరు రావడానికి కారణమైన నివేదన ఈ పానకమే.

శొంఠిని నేతిలో వేయించి, దంచి, ఉప్పు కలిపి ఉంచుకుని, వేడి అన్నంలో మొదటి ముద్దకు నేతితో కలుపుకొని తినే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. బాలింతలకు పెట్టే కాయంలో కూడా శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు బెల్లంతోను, నేతితోను కలుస్తవి. శొంఠికి సంస్కృతంలో విశ్వభేషజం అన్న బిరుదు కూడా ఉన్నది. అంటే అన్నిటికీ ఔషధం అని. ఈ బిరుదును గౌరవంగా తీసుకోవాలే గాని అక్షరాలా తీసుకోరాదు. అల్లం వేవిళ్ళలోని వికారాన్ని కొంత తగ్గిస్తుందని నేటి పరిశోధనలు సమర్థిస్తున్నవి. అంతమాత్రాన జ్వరానికీ, మధుమేహానికీ, గుండె జబ్బుకూ అల్లం రసం చాలునని చేతి ఫోనులలో వచ్చే సందేశాలను నమ్మి, వైద్యుడు ఇచ్చిన మందు మానివేయడం ప్రాణానికే ముప్పు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు అల్లాన్ని ఔషధంగా అధిక మోతాదులలో తీసుకొనేముందు వైద్యుణ్ణి అడగాలి. వంటలో వేసుకునే పాటి అల్లానికి ఇంత జంకు అవసరం లేదు.

అల్లం కొనేటప్పుడు ఏ పనికి కొంటున్నామో తలచుకోవాలి. తొలకరికి నాటిన అల్లాన్ని ఆరేడు మాసాలలో తీస్తే లేతగా, పీచు తక్కువగా ఉంటుంది. మురబ్బాకు, పచ్చడికి అది శ్రేష్ఠం. ఎనిమిది నెలలు నిండిన ముదురు అల్లం శొంఠికి, టీకి, కషాయానికి మంచిది. నాలుగైదు కిలోల పచ్చి అల్లం ఎండితే ఒక కిలో శొంఠి అవుతుందని గుర్తుంచుకుంటే, పచ్చి అల్లానికి బదులు శొంఠి వాడేటప్పుడు చెయ్యి తానే వెనుకాడుతుంది. మిగిలిన ముక్కను తడి లేకుండా ఉంచాలి, లేదా కొద్దిగా చెమ్మ ఉన్న ఇసుకలో పాతిపెట్టాలి. ఇసుకలో పెట్టినది వాడకుండా మిగిలితే మొలకెత్తుతుంది, కుండీలో నాటుకోవచ్చును.

ఇప్పుడు అంగడిలో సీసాలలో దొరికే అల్లం వెల్లుల్లి ముద్దను గురించి ఒక మాట. ఉద్యోగాలకు పరుగులు తీసే ఇళ్ళలో దానివల్ల సౌకర్యం ఉన్నదని ఒప్పుకోవాలి. ఐతే నిలవకోసం అందులో ఉప్పును, పులుపును కలుపుతారు. ఆ ముద్ద కూరలో పడినా, ఉప్మాలో పడినా, పులుసులో పడినా రుచి ఒకటే. పానకానికీ, మురబ్బాకూ అది పనికిరాదు. దానితో పెరిగిన పిల్లలకు అల్లమంటే వెల్లుల్లి వాసన అనే భావం స్థిరపడితే, సామెతలోని మనిషి మన ఇంటిలోనే పుట్టినట్లు. ఇంటిలో ముద్ద నూరి ఉంచుకొనేవారు ఉప్పు కలిపి, చల్లని పెట్టెలో పెట్టి, వారం రోజులలో వాడుకోవడం మంచిది. వెల్లుల్లిని నూనెలో కలిపి బయట నిలవ ఉంచడం మాత్రం ప్రమాదకరం; అందులో విషక్రిములు పెరిగే అవకాశం ఉన్నది.

రేపు వంట చేసేటప్పుడు ఒక చిన్న పని చేసి చూడండి. అల్లం బిళ్ళలు రెండు కోసి, ఒకదానిని పచ్చిగా ఉంచి, ఒకదానిని నేతిలో వేయించండి. వాటి పక్కన చిటికెడు శొంఠి పొడి పెట్టండి. మూడింటిని చిన్న బెల్లం ముక్కతో పిల్లలకు రుచి చూపించి, ఏది ఏ వంటకు తగునో వారినే చెప్పమనండి. వారు చెప్పే జవాబు తప్పయినా ఫరవాలేదు. అడిగి, రుచి చూచి, పోల్చుకున్న నాలుకకు తరువాత వంట నేర్పడం సులభం.